తలకు రెండు డాలర్లు

ఆసా పెల్టన్ మెట్లు దిగి వంటింట్లోకి వచ్చేసరికి పొయ్యి ఆరిపోయి ఉంది.

మా ఊళ్లో ఏ ఇల్లాలూ పొయ్యి ఆరనివ్వదు. రాత్రి పడుకోబోయే ముందు నిప్పుల మీద బూడిద కప్పి పెడుతుంది. తెల్లారి బూడిద తీసి రెండు పుల్లలు వేస్తే మంట లేస్తుంది. డోర్కస్ కాపురానికి వచ్చి పద్దెనిమిదేళ్లయింది. ఆ ఇంటి పొయ్యి ఇంతవరకూ ఆరలేదు. మార్చి నెల చలిలో, గుమ్మం బయట మోకాలి లోతు మంచు ఉండగా, ఈ రోజు ఆరింది.

డోర్కస్ శాలువా కప్పుకుని, టోపీ తాళ్లు గడ్డం కింద ముడేసుకుని, ఎటో బయలుదేరే మనిషిలా బల్ల దగ్గర కూర్చుని ఉంది. పిల్లలు నలుగురికీ నిన్నటి మొక్కజొన్న రొట్టె చేతుల్లో పెట్టి అప్పటికే బడికి తోలేసింది.

"నిప్పు కప్పలేదా?" అన్నాడు ఆసా.

"లేదు."

"మర్చిపోయావా?"

"లేదు."

ఆసా కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. రాష్ట్ర రాజధాని అగస్టాలో శాసనసభలో చలికాలమంతా కూర్చుని వచ్చిన మనిషి. అక్కడ ఎవరెన్ని మాటలన్నా తొణకడని పేరు. ఆ పేరు సొంత వంటింట్లో ఎందుకూ పనికిరాలేదు.

"అయితే కాఫీ లేదన్నమాట."

"సత్రానికి వెళ్లి తాగండి. తలకు రెండు డాలర్లు వస్తున్నాయిగా. మన ఇంట్లో ఆరు తలలున్నాయి. పన్నెండు డాలర్ల కాఫీ అంటే వచ్చే చలికాలం దాకా తాగొచ్చు."

"నేను పంచలేదు డోర్కస్. ఊరు పంచుకుంది."

"ఊరి చేతికి తాళంచెవి ఇచ్చిందెవరు?"

సోమవారం నుంచీ మొగుడూ పెళ్లాం ఈ మాట దగ్గరే ఆగిపోతున్నారు. అతను జవాబు చెప్పడు. ఆమె రెట్టించదు. ఇద్దరూ చెరో పక్కకి తిరిగి పడుకుంటారు.

సంగతి ఊరందరికీ తెలిసిందే. దేశం అప్పులన్నీ తీరిపోయి వాషింగ్టన్ ఖజానాలో డబ్బు మిగిలింది. మిగిలింది రాష్ట్రాలకి వచ్చింది, రాష్ట్రం నుంచి ఊళ్లకి దిగింది. కిందటేడు మా స్టోన్‌ఫర్డ్ ఊరు, ఇంకా బుద్ధి ఉన్న రోజుల్లో, ఆ సొమ్ము వడ్డీకి తిప్పింది. సొంత ఆధారం లేని నలుగురికి ఆ వడ్డీతో కట్టెలూ, పిండీ, ఉప్పు వేసిన పంది మాంసం వాళ్ల గుమ్మాల్లోకే పంపింది. ఈ చలికాలం శాసనసభ ఇంకో చట్టం చేసింది. ఏ ఊరి వంతు ఆ ఊరి ఇష్టం, కావాలంటే తలకింత అని పంచేసుకోవచ్చు. దానికి ఔనన్నవాళ్లలో ఆసా ఒకడు.

సోమవారం ఊరి సభ కూడింది. పంచేసుకుందాం అంది. అసలు పోతే వడ్డీ పోయింది, వడ్డీ పోతే కట్టెలూ పిండీ పోయాయి. నలుగురూ ఊరి మీద పడ్డారు. ఊరి మీద పడ్డవాళ్లని మా వైపు వేలం వేస్తారు. తగ్గింపు పాట. ఊరి దగ్గర అందరికంటే తక్కువ డబ్బు పుచ్చుకుని ఎవరు ఏడాది పాటు తిండి పెడతానంటే మనిషి వాళ్లది, మనిషి చేసే చాకిరీ వాళ్లది.

ఆ నలుగురిలో కెజియా ఒకతి. డోర్కస్ తల్లికి అక్క. తల్లి పోయాక అయిదేళ్ల డోర్కస్‌ని ఎత్తుకెళ్లి పెంచి పెద్దచేసిన మనిషి. వేలం ఈ మధ్యాహ్నమే.

"చట్టం ఎవర్నీ పంచుకోమనలేదు," అన్నాడు ఆసా చివరికి. "ఊరి ఇష్టం అంది. మిగతా ఊళ్లు ఏమైనా చేసుకోనీ, మన ఊరు అట్టే పెట్టుకుంటుందనుకున్నా."

నవ్వకండి. నిజంగానే అనుకున్నాడు. మా వైపు మనిషి పాదిరిగారినైనా అనుమానిస్తాడు, వైద్యుణ్ణి అనుమానిస్తాడు, సొంత బావమరిదిని తప్పకుండా అనుమానిస్తాడు. తన ఊరి సభని మాత్రం అనుమానించడు. నలుగురు కూర్చుని చేతులెత్తితే న్యాయం దానంతటదే దిగి వస్తుందని మాకో నమ్మకం. అగస్టాలో ఆసా ఔనన్నప్పుడు ఆ నమ్మకమే అతని చేత అనిపించింది. ఏం లాభం. కెజియా కట్టెల మోపు అందులో కాలిపోయింది.

"అనుకున్నారా?" అంది డోర్కస్. "మీరనుకుంటే సరిపోయిందా? అట్టే పెట్టుకోవాలని చట్టంలోనే రాయించలేకపోయారా?"

"ఊరిని నమ్మకుండా చట్టం ఎలా చేస్తారు?"

"ఈబెన్ స్ట్రౌట్ ఉన్న ఊరిని నమ్మి ఎలా చేస్తారు?"



ఈబెన్ స్ట్రౌట్‌ది రంపపు మిల్లు. కిందటేడు, ఆ సొమ్ము ఇంకా రాకముందు, వేలంలో జేబెజ్ అనే ముసలాణ్ణి పాడుకున్నాడు. ఇళ్ల పైకప్పుకి వేసే పెంకు చెక్కలు చీల్చే పాకలోనే పడుకోబెట్టాడు. ఫిబ్రవరిలో జేబెజ్ పోయాడు. శవపేటిక చెక్కలకి కూడా స్ట్రౌట్ ఊరి దగ్గరే డబ్బు పుచ్చుకున్నాడు, తన మిల్లు చెక్కలే అయినా. ఇప్పుడతనికి దుంగలు కొట్టే కూలీలకి వండి పెట్టే ఆడమనిషి కావాలి. సోమవారం నుంచీ కెజియా చేతులు ఇంకా గట్టిగానే ఉన్నాయా అని ఊళ్లో అడుగుతున్నాడు.

వెనక తలుపు తట్టకుండానే తెరుచుకుంది. పక్కింటి పేషెన్స్ నోయస్, చేతిలో మూత పెట్టిన ఇనప మూకుడు.

"మీ గొట్టంలోంచి పొగ రావట్లేదేంటి వదినా, ఎవరికైనా ఒంట్లో బాగాలేదేమోనని నిప్పు పట్టుకొచ్చా." ఆసాని చూడగానే ఆమె మొహం వెలిగిపోయింది. "అన్నయ్యా, మీ కడుపు చల్లగా ఉండాలి. మా ఇంట్లో పదమూడు తలలండీ. ఇరవై ఆరు డాలర్లు. ఇంకో ఇద్దర్ని కని ఉంటే ముప్పై అయ్యేవి కదే అంటున్నాడు మా ఆయన. గోడ గడియారం కొంటాం."

ఉయ్యాల్లో పిల్లకీ రెండు డాలర్లే, ఊరికి పెద్దకీ రెండు డాలర్లే. ఇంత సమానత్వం మా ఊరు అంతకు ముందు ఎన్నడూ చూడలేదు.

"మూకుడు కింద పెట్టకు పేషెన్స్," అంది డోర్కస్. "నీ పదకొండు మందినీ కానుపు చేసిందెవరు?"

"అదేం ప్రశ్న? కెజియా అత్తే."

"అడ్డం తిరిగినవాడి పేరేంటి?"

"అమోస్." పేషెన్స్ గొంతు తగ్గింది.

"రెండు రాత్రులు నీ మంచం పక్కన కూర్చుంది కదూ. అమోస్ తలకీ రెండు డాలర్లు వస్తున్నాయిగా. గడియారం బాగానే కొట్టుకుంటుందిలే."

పేషెన్స్ మూకుడు రెండు చేతులా పట్టుకుని నిలబడిపోయింది. "నన్నంటే ఏం లాభం వదినా. సభలో నాకు మాట ఉందా?"

"నీకు లేదు. మీ ఆయనకుంది. ఎత్తాడు చెయ్యి, రెండు చేతులూ ఎత్తినంత పని చేశాడట."

పేషెన్స్ ఆసా వైపు చూసింది, ఏమైనా అంటాడేమోనని. ఆసా తన బూట్ల వైపు చూసుకుంటున్నాడు. ఆమె తెచ్చిన నిప్పు తెచ్చినట్టే పట్టుకుని వెళ్లిపోయింది.

"ఆవిడ మీద కోపం ఎందుకు?" అన్నాడు ఆసా.

"ఎవరి మీద చూపించమంటారు? మీ మీద చూపిస్తే మీరు మాట్లాడరు."

"మీ పెద్దమ్మని మనింటికి తెచ్చుకుందామంటే నేను వద్దన్నానా? ఇప్పుడే బండి కడతా. ఊరి దగ్గర ఒక్క సెంటు పుచ్చుకోకుండా మనమే చూసుకుందాం. ఇంకేం చెయ్యమంటావు నన్ను?"

"నిన్న అడిగాను. రానంది."

"నేనడుగుతా."

డోర్కస్ లేచి నిలబడింది. బల్ల మీద చేత్తొడుగులు తీసుకుని అతని ముందు నుంచే తలుపు దాకా నడిచింది.

"అడగండి," అంది. "ఏమంటుందో మీరూ వినాలి."

*

కెజియా ఉండేది వాగు మలుపులో ఒంటిగది ఇంట్లో. వీళ్లు వెళ్లేసరికి ఆవిడ నల్లగౌను తొడుక్కుని, తెల్ల టోపీ పెట్టుకుని, ఇల్లు ఊడుస్తోంది. ఆ నల్లగౌను చావులకీ బారసాలలకీ తప్ప తియ్యదు. పొయ్యిలో చిన్న మంట ఉంది. పక్కన నాలుగే నాలుగు కట్టెలు మిగిలాయి.

"రా అల్లుడూ, కాళ్లు దులుపుకుని రా. ఇప్పుడే ఊడ్చా." డోర్కస్ వైపు తిరిగింది. "ఏంటే ఆ మొహం? అమ్ముతోంది నన్నా, నిన్నా?"

ఆసా టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు. దారిలో మాటలన్నీ కూర్చుకున్నాడు గానీ ఒక్కటీ సమయానికి రాలేదు.

"అత్తా, మా ఇంటికి వచ్చెయ్. వంటింటి పక్క గది ఖాళీగా ఉంది. దక్షిణం వైపు కిటికీ. నీ మంచం, నీ పెట్టె అన్నీ బండిలో వేసుకుందాం."

"మంచి గదే. మీ రెండో పిల్ల ఆ గదిలోనే పుట్టింది."

"అయితే రా మరి."

"వస్తే వేలం ఆగుతుందా?"

"నీకు ఆగుతుంది."

కెజియా చీపురు గోడకి ఆనించింది. "మిగతా ముగ్గురికి?"

మిగతా ముగ్గురిలో ఒకరు చూపు లేని ఫిడేలు వాయించే సైలస్. ఇద్దరు ఎవరూ లేని అక్కచెల్లెళ్లు, పెద్దదానికి మాట రాదు. ఆ ఇద్దర్నీ విడివిడిగా పాడతారు.

"చూడు నాయనా," అంది కెజియా. ఆవిడ గొంతులో కోపం లేదు, అందుకే వినడం కష్టంగా ఉంది. "ఊరందరి కోసం చట్టం చేశావు. ఆ చట్టం తిరిగొచ్చి నీ పెళ్లాం మనిషికే తగిలింది. ఇప్పుడు నన్నొక్కదాన్నీ వెనక గుమ్మంలోంచి లాగేసి దక్షిణం గదిలో దాచేద్దామంటున్నావు. నీకు సిగ్గు తగ్గుతుంది. నాకేం తగ్గుతుంది?"

"చలి తగ్గుతుంది పెద్దమ్మా," అంది డోర్కస్. "నీ పంతం నాకు తెలుసు. ఆ స్ట్రౌట్ పాకలో పడుకున్న ముసలాయన ఎలా పోయాడో కూడా తెలుసు. నిన్నలా చూడలేను."

"చూడకు. ఇంట్లో కూర్చో."

"నేను రాక తప్పుతుందా?"

"అయితే ఏడవకుండా చూడు." కెజియా పెట్టెలోంచి శాలువా తీసి దులిపింది. "నలభై ఏళ్లు ఈ ఊరికి కానుపులు చేశాను. ఇచ్చినవాళ్లు ఇచ్చారు, లేనివాళ్లు యాపిల్ పళ్లిచ్చారు, కొందరు అదీ ఇవ్వలేదు. ఎవర్నీ అడగలేదు. నాకు కట్టెలు ఊరు ఇచ్చిందంటే అది దానం అని నేననుకోలేదు. వాళ్లు అనుకుంటున్నారన్నమాట. ఆ మాట నా మొహం మీద అనాలి అల్లుడూ. నేను నిలబడతా, వాళ్లు నా కళ్లల్లోకి చూసి పాడాలి. దాక్కుంటే వాళ్ల పని తేలికైపోతుంది."

"ఇది పంతానికి పోయే విషయం కాదత్తా. ప్రాణం."

"నా ప్రాణం సంగతి నువ్వు అగస్టాలో తల్చుకోవాల్సింది."

ఆ మాటకి ఆసాకి తల కొట్టేసినట్టయింది. అతను చెడ్డవాడు కాదు, అదే బాధ. చెడ్డవాడయితే తిట్టి ఊరుకోవచ్చు. ఏ ఒక్కరికీ కీడు తలపెట్టకుండా, అందరికీ మంచే జరుగుతుందనుకుని ఔను అనే మనుషులు చేసిన నష్టానికి ఎవర్ని పట్టుకోవాలో ఎవరికీ తెలియదు.

కెజియా పొయ్యి దగ్గర వంగి, మిగిలిన నిప్పు మీద జాగ్రత్తగా బూడిద కప్పింది.

"మళ్లీ వస్తావా పెద్దమ్మా?" అంది డోర్కస్, అది చూసి.

"ఏమో. అలవాటు పోదుగా."

*

వేలం హాస్కెల్ సత్రంలో. మా ఊళ్లో వేలానికొచ్చిన మగవాళ్లకి ఊరి ఖర్చు మీద యాపిల్ సారా పోస్తారు. గొంతు తడిస్తే పాట బాగా దిగుతుందని పెద్దల లెక్క. పేదవాళ్ల కట్టెలకి లేని డబ్బు ఆ సారాకి ఎప్పుడూ ఉంటుంది. ఈసారి జనం ఎక్కువ వచ్చారు. అందరి మొహాల్లోనూ రెండు డాలర్ల కళ ఉంది.

సత్రం యజమానీ, ఊరి సభకి అధ్యక్షుడూ, వేలం పాడించేదీ అన్నీ లూథర్ హాస్కెలే. ముందు సైలస్‌ని పాడించాడు. ఎవరో దయగల రైతు పాడుకున్నాడు, ఫిడేలు కూడా తెచ్చుకోమన్నాడు. తర్వాత అక్కచెల్లెళ్లు. చెల్లెలు ఒక ఇంటికి, మాట రాని అక్క ఇంకో ఇంటికి. అక్క చెల్లెలి శాలువా వదలకపోతే వేళ్లు ఒక్కొక్కటే విప్పాల్సి వచ్చింది. ఆ విప్పేటప్పుడు గదిలో ఎవరూ సారా తాగలేదు. విప్పడం అయ్యాక తాగారు.

"కెజియా," అన్నాడు హాస్కెల్. "ఇలా వెలుతురులోకి రా అమ్మా."

ఆవిడ వచ్చి కిటికీ ముందు నిలబడింది.

"వయసు డెబ్బై ఒకటి. కళ్లు బాగున్నాయి. కాళ్లు బాగున్నాయి. వంటా, కుట్టూ వచ్చు. ఆవిడ తల మీద వచ్చే రెండు డాలర్లు కూడా పోషించేవాళ్లకే చెందుతాయి. ఏడాదికి యాభై డాలర్ల దగ్గర మొదలు. ఎవరంటారు తక్కువ?"

"నలభై," అన్నాడు స్ట్రౌట్. గోడకి ఆనుకుని ఉన్నాడు. సారా ముట్టలేదు. ఈ పనికి మనసు తేటగా ఉండాలనుకునే మనిషి.

"ముప్పై అయిదు," అన్నారు ఎవరో.

"ముప్పై. మామ్మా, చేతులొకసారి చూపించు."

కెజియా చేతులు చాపింది. "చూడు ఈబెన్. నువ్వు పుట్టినప్పుడు మొదట నిన్ను పట్టుకున్నవి ఇవే. అప్పుడు నువ్వు ఇంత బేరం చెయ్యలేదు."

గదిలో నవ్వు పుట్టి సగంలోనే ఆగిపోయింది. స్ట్రౌట్ చెవులు ఎర్రబడ్డాయి. "ఇరవై అయిదు," అన్నాడు.

వెనక తలుపు దగ్గర పేదల బంధువులకని వేసిన బల్ల మీద డోర్కస్ కూర్చుని ఉంది. మగవాళ్ల మధ్య నిలబడ్డ ఆసా వీపు ఆమెకి కనిపిస్తోంది. ఆ వీపు కదలాలని ఆమె కళ్లతో తోస్తోంది. అది కదిలింది.

"ఇరవై," అన్నాడు ఆసా.

అందరూ తిరిగి చూశారు. స్ట్రౌట్ నవ్వాడు. "ప్రతినిధిగారికి చట్టం చేసి చాల్లేదు, సరుకు కూడా కావాలిట."

"పదిహేను," అన్నాడు ఆసా, అతని వైపు చూడకుండా.

"నువ్వు కూర్చో అల్లుడూ," అంది కెజియా. అందరి ముందూ, పిల్లవాడికి చెప్పినట్టు. "నిన్ను నేను అడగలేదు."

"అత్తా..."

"కూర్చో అన్నానా."

ఆసా నిలబడే ఉన్నాడు గానీ నోరు మూసుకున్నాడు. హాస్కెల్ ఇద్దర్నీ మార్చి మార్చి చూసి గొంతు సవరించుకున్నాడు.

"పదిహేను దగ్గర ఉంది. ఇంకెవరైనా?"

"నేనున్నా," అంది కెజియా. "సున్నా. ఊరు ఒక్క సెంటు ఇవ్వక్కర్లేదు. నన్ను నేనే పాడుకుంటున్నా."

పొయ్యి దగ్గర కూర్చున్న కుక్క తలెత్తింది.

హాస్కెల్ సుత్తి బల్ల మీద పెట్టేశాడు. "అలా కుదరదమ్మా. వేలానికొచ్చినవాళ్లు పాడకూడదు."

"ఎక్కడుంది ఆ మాట?"

"ఎక్కడా... ఎప్పుడూ ఎవరూ పాడలేదు."

"ఎవరికీ తోచలేదేమో."

"ఆటలాడుతోంది ముసలామె," అన్నాడు స్ట్రౌట్. గోడ వదిలి ముందుకొచ్చాడు. "కట్టెలు లేక వచ్చే నెలలో మళ్లీ మన గుమ్మంలోనే నిలబడుతుంది. సరే, నేనూ సున్నాకే తీసుకుంటా. ఊరు నాకేం ఇవ్వక్కర్లేదు. కొట్టు హాస్కెల్."

ఊరికి ఖర్చు లేదనగానే రెండు మూడు తలలు మెచ్చుకోలుగా ఊగాయి. ఎంత ఉదారం అన్నారు ఎవరో. నాకు ఒళ్లు మండింది. మనిషిని ఊరికే పుచ్చుకుని ఏడాదంతా ఊరికే వండించుకోబోయేవాడిది ఉదారం అయింది. తన బతుకు తనకి వదిలెయ్యమన్న మనిషిది ఆట అయింది.

కెజియా కాసేపు ఆలోచించింది. పెద్దమ్మ అలా ఆలోచించడం డోర్కస్ ఇదివరకు చూసింది, బిడ్డ బయటికి రానని మొరాయించినప్పుడు.

"అయితే సున్నా కంటే తక్కువ పాడతా," అంది కెజియా. "నా తల మీద వచ్చే రెండు డాలర్లు తిరిగి ఊరికి ఇచ్చేస్తున్నా. ఊరే నా దగ్గర రెండు డాలర్లు పుచ్చుకుని నన్ను నా ఇంటికి పంపించాలి. ఈబెన్, నువ్వు కిందికి దిగుతావా? నీ జేబులోంచి తీస్తావా?"

స్ట్రౌట్ తియ్యలేదు. అతను జేబులోంచి తియ్యడు, అది ఊరందరికీ తెలుసు. బదులుగా హాస్కెల్ వైపు వేలు చూపించాడు.

"ఆ రెండు డాలర్లు ఆమెవి కావు. పోషించేవాళ్లవి. నువ్వే చదివావు ఇందాక. తనది కాని డబ్బు ఎలా పాడుతుంది?"

"నన్ను నేనే పోషించుకుంటే అవి నావేగా," అంది కెజియా.

గదిలో గుసగుసలు బయలుదేరాయి. అదీ నిజమే అన్నారు కొందరు. అలా అయితే సైలస్ కూడా పాడేవాడు, ఆ అక్కచెల్లెళ్లూ పాడేవాళ్లు అన్నారు ఇంకొందరు. మొత్తం వేలం తిరగతోడాల్సి వస్తుందన్నారు. ఆ మాటతో చాలామంది మొహాలు ముడుచుకున్నాయి. ఒకటి తిరగతోడితే ఇంకొకటి తిరగతోడతారు. సోమవారం ఎత్తిన చేతుల దాకా పోతారు. తలకు రెండు డాలర్లు ఇంకా ఎవరి చేతికీ రాలేదు.

"ఇది నాకు తేలే విషయం కాదు," అన్నాడు హాస్కెల్. నుదురు తుడుచుకున్నాడు. "చట్టం చేసినాయన ఇక్కడే ఉన్నాడు. ప్రతినిధిగారూ, మీరే చెప్పండి. ఊరి మీద పడ్డవాళ్లు తమని తాము పోషించుకుంటామంటే ఆ వంతు వాళ్లకి వస్తుందా, రాదా?"

తలలన్నీ ఆసా వైపు తిరిగాయి.

చట్టంలో ఆ మాట ఎలా ఉందో ఆసాకి తెలుసు. ఆ మాట పెట్టించింది తనే. పేదల వంతు ఎవరూ మింగెయ్యకుండా, తిండి పెట్టేవాళ్ల చేతికే వెళ్లాలని, ఒక సాయంత్రం అగస్టాలో లేచి నిలబడి తనే అడిగి వేయించాడు. నలుగురూ భుజం తట్టారు. ఆ రోజు అతను ఇంటికి రాసిన ఉత్తరంలో దాని గురించి గర్వంగా రాసుకున్నాడు కూడా. పోషించేవాళ్లంటే ఇంకొకళ్లనే అతని మనసులో ఉంది. పేదమనిషి తనని తానే పోషించుకుంటానంటుందని అక్కడ ఎవరి ఊహకీ రాలేదు.

రాదు అంటే కెజియా ఈ గదిలోంచి తిన్నగా స్ట్రౌట్ బండి ఎక్కుతుంది. వస్తుంది అంటే తన చట్టానికి తనే గండి కొట్టినవాడవుతాడు. ఈ ఊరు మళ్లీ అతన్ని అగస్టాకి పంపదు, స్ట్రౌట్ మిల్లు కూలీల ఓట్లన్నీ ఒక్కటిగా అతనికి వ్యతిరేకంగా పడతాయి. పంపకపోయినా ఫరవాలేదని అతను ఆ క్షణంలో అనుకున్నాడో లేదో నేను చెప్పలేను.

ఆసా టోపీని ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నాడు.

"చట్టం ప్రకారం..." అన్నాడు. ముందు వరుసవాళ్లకి కూడా ఆ మాట సరిగ్గా వినపడలేదు.

వెనక బల్ల కిర్రుమంది. ఆ సత్రంలో వేలం రోజున ఏ ఆడదీ నోరు విప్పిన గుర్తు ఎవరికీ లేదు, ఈ రోజు కెజియా తప్ప. డోర్కస్ లేచి నిలబడింది.

"గట్టిగా చెప్పండి," అంది మొగుడితో. "అగస్టాలో గట్టిగానే చెప్పారుగా."